వెండి పని ఎక్కడ నేర్చుకోవాలి: కరీంనగర్ కుంపటి దగ్గరా, నిఫ్ట్‌లోనా, బ్రిటన్ యూనివర్సిటీలోనా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు మా అక్క కూతురు ఒక బ్రిటన్ కాలేజీ ప్రాస్పెక్టస్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. "చిన్నమ్మా, వెండి పనికి డిగ్రీ ఇస్తరట. జువెలరీ అండ్ సిల్వర్‌స్మితింగ్. నాలుగేండ్లు." అరుగు మీదున్న మా నాన్న చెవిన పడింది. యాభై ఏళ్లు కుంపటి ముందు గడిపిన అవుసలి (కంసాలి) ఆయన. "మనింట్ల పుట్టిన పనికి సీమకు పోయి సదువుడేంది బిడ్డా?" అన్నాడు.

ఆ పూట నేను ఎవరి పక్షమూ పట్టలేదు. తర్వాత వారం పది రోజులు కూర్చుని ఆ పిల్ల కోసం లెక్కలు రాశాను. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు ఇదే ప్రశ్నతో ఉన్న పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాను. నేను హన్మకొండలో వెండి ఆర్డర్లు చేసుకుంటూ బతుకుతున్నదాన్ని. ఒక చోట డబ్బు కట్టి నేర్చుకున్నాను, ఇంకో చోట కాళ్లావేళ్లా పడి నేర్చుకున్నాను. ఈ రెండింటి తేడా నాకు బాగా తెలుసు.

ముందు మూడు పనులను విడదీయండి

కాలేజీల పేర్లు చూసే ముందే తేలాల్సిన మాట ఇది. నగల డిజైన్ వేరు, నగల తయారీ వేరు, వెండి పాత్రల పని వేరు. డిజైన్ అంటే కాగితం మీదో, రైనో, మ్యాట్రిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లోనో నగకు రూపం ఇవ్వడం. తయారీ అంటే రంపం, ఆకురాయి, టంకం, మెరుగు. ఇక బ్రిటన్ వాళ్లు సిల్వర్‌స్మితింగ్ అనేది ప్రధానంగా రేకు పని. చదునైన వెండి రేకును ఇనుప దిమ్మ మీద సుత్తితో తిప్పి తిప్పి కొట్టి గిన్నె, చెంబు, కూజా లేపడం. మధ్యమధ్యలో రేకు మొండికేస్తుంది. కాల్చి మెత్తబరచి మళ్లీ కొట్టాలి. మన దగ్గర ఇది అవుసలి పని కన్నా, ఇత్తడి, కంచు పాత్రలు చేసే కంచరి పనికి దగ్గర.

మా పిల్లను అడిగాను, "నీకు వీటిల్లో ఏది కావాలె?" అని. "అన్నీ ఒకటే అనుకున్న" అంది. చాలామంది అలాగే అనుకుంటారు. అలా అనుకునే డిజైన్ కోర్సులో చేరి, రెండో ఏడు వచ్చినా టంకం పెట్టే గ్యాస్ టార్చ్ ముట్టుకోలేదేమని బాధపడతారు.

రత్నాల పరీక్ష ఇంకో దారి. జీఐఏ లాంటి సంస్థలు ముంబైలో నేర్పుతాయి. రాళ్ల మీద మనసున్నవాళ్లకే అది. చేత్తో చేయాలనుకునేవాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

ఇంటి పక్కన ఉన్నది

కరీంనగర్ వెండి తీగపని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. మన పిల్లలకే అది సరిగా తెలియదు. ఎలగందుల నుంచి వచ్చిందని చెప్పుకునే ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. అత్తరు దానులు, పాన్‌దానులు, పెట్టెలు, పళ్లేలు, చెవి దిద్దులు, అన్నీ తీగతోనే.

పద్ధతి వినడానికి తేలిక. మేలిమి వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తారు. దాన్ని కమ్మచ్చులో, అంటే వరుస బెజ్జాలున్న ఉక్కు పలకలో, ఒక్కో బెజ్జం నుంచి లాగుతూ, పెద్ద బెజ్జం నుంచి చిన్నదానికి పోతూ, వెంట్రుకకు దగ్గరగా సన్నబరుస్తారు. రెండు తీగలను జంటగా పెనవేసి రోలర్‌లో నొక్కితే అంచున పళ్లు పళ్లుగా కనిపించే చదును తీగ వస్తుంది. కాస్త లావు తీగతో ఆకు, పువ్వు, నెమలి లాంటి చట్రం కట్టి, ఆ సన్న తీగను చుట్టలుగా, మెలికలుగా లోపల కూరుతారు. వెలిగారం పూసి, టంకం పొడి చల్లి, మంట పెడతారు.

అసలు విద్య ఆ మంట దగ్గరే. నేను మొదటిసారి చేసిన మామిడి పిందెను ఇప్పటికీ డబ్బాలో దాచుకున్నాను. చట్రం లావు, లోపలి తీగ సన్నం. మంట నేరుగా తీగ మీద పెట్టాను. టంకం పారేలోగానే తీగ ఎర్రబడి, ఒక్క క్షణంలో ముడుచుకుని ఆవగింజంత గుండు అయిపోయింది. రెండు రోజులు కూరిన పని! నాకు నేర్పుతున్న పెద్దాయన ఏమీ అనలేదు. నా చేతిలోంచి టార్చ్ తీసుకుని, మంటను చట్రం చుట్టూ దూరంగా తిప్పుతూ, "దాన్ని సూడకు, దాని పక్కన సూడు" అన్నాడు. చట్రం వేడెక్కితే ఆ వేడి తీగకు తనే పోతుంది. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది, టంకం అంతకన్నా కాస్త ముందే పారుతుంది. ఆ కాస్త తేడాలోనే చెయ్యి ఆగాలి. ఇది ఏ పుస్తకంలో చదివినా రాదు. మంట రంగు చూసి, ఎన్నో పిందెలు పాడుచేసుకుంటే వస్తుంది.

ఇక్కడ లోటు కూడా ఉంది. ఈ పనికి సిలబస్ లేదు, సర్టిఫికెట్ లేదు. కూర్చోనిస్తే కూర్చున్నట్టు. కూలీ తక్కువని చేసేవాళ్ల పిల్లలే వేరే ఉద్యోగాలకు పోతున్నారు. ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మా ఇంట్లో కుంపటి ముందు పీట అన్నకే వేశారు. నేను పూసలు గుచ్చేదాన్ని, నగలకు కుంకుడు రసం పెట్టి కడిగేదాన్ని. ఆడపిల్ల టార్చ్ పట్టాలంటే ఇల్లు ఒప్పుకోవాలి, కార్ఖానా ఒప్పుకోవాలి. కాలేజీలో ఆ ప్రశ్నే రాదు. అమ్మాయిలకు ఇది చిన్న లాభం కాదు.

రేకు పని మీద మనసుంటే జనగామ పక్కన పెంబర్తి ఉంది. హైదరాబాద్ రోడ్డు మీదే ఊరు. కాకతీయుల కాలం నుంచి పేరున్న ఇత్తడి రేకు పని, దానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. గుడి తలుపుల తొడుగులు, మకర తోరణాలు, జ్ఞాపికలు అక్కడ చేస్తారు. రేకును మెత్తని ఆధారం మీద పరిచి, ఉలులతో వెనక నుంచి ఉబ్బించి, ముందు నుంచి గీతలు దిద్దే పని అది. బ్రిటన్ కాలేజీల్లో రిపూసే, చేజింగ్ అని నేర్పేది ఇదే. లోహం మారుతుంది, సుత్తి దెబ్బ మారదు. ఆసిఫాబాద్ వైపు ఓజు కళాకారుల డోక్రా పోతపని కూడా చూసి రండి. మైనపు తీగతో బొమ్మ కట్టి, మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. పెద్ద నగల ఫ్యాక్టరీల్లో జరిగే కాస్టింగ్‌కు మూలసూత్రం అదే.

ఇల్లు నేర్పనిది

మరి ఇవన్నీ ఉండగా కాలేజీ ఎందుకు? మా నాన్న ప్రశ్న అదే. నా జవాబు నా దుకాణంలోనే దొరికింది. ఒకసారి హైదరాబాద్ నుంచి ఒకావిడ వచ్చి, తన ఇంటి కిటికీ జాలీ ఫొటో చూపించి, అలాంటి చెవి కమ్మలు కావాలంది. నా చెయ్యికి తీగపని తెలుసు. కానీ ఆ జాలీని చెవికి సరిపడా కుదించి, బరువు పది గ్రాములు దాటకుండా, జుట్టు చిక్కుకోకుండా, ముందుగా గీసి చూపించడం నాకు రాదు. అవుసలి పిల్లలకు అచ్చులు తెలుసు, పాత నమూనాలు తెలుసు. కొత్తదాన్ని సున్నా నుంచి ఆలోచించడం, గీయడం, ధర కట్టడం, అమ్మకానికి ఫొటో తీయడం, ఇవి ఎవరూ నేర్పలేదు.

లోహం గురించి కూడా అంతే. తీగపనికి మేలిమి వెండి వాడతారు, 925 వెండి ఎందుకు వాడరు? 925 అంటే వెయ్యి పాళ్లలో 75 పాళ్లు వేరే లోహం, ఎక్కువగా రాగి. రాగి కలిస్తే గట్టిదనం వస్తుంది, గిన్నెకు, ఉంగరానికి అది కావాలి. కానీ కాల్చినప్పుడు ఆ రాగి గాలితో కలిసి వెండి మీద మసక మరకలు తెస్తుంది. సన్న తీగ మీద ఆ మరక పట్టుకుంటే గీకి తీయలేం. మా నాన్నకు ఇది చేతికి తెలుసు, కారణం తెలియదు. కారణం తెలిస్తే కొత్త పనిలో ధైర్యం వస్తుంది.

మన దేశంలో కాలేజీలు

హైదరాబాద్ మాదాపూర్‌లోని నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) 1995లో మొదలైంది. అక్కడి నాలుగేళ్ల బి.డిజైన్‌లో మనకు దగ్గరి శాఖ యాక్సెసరీస్. ఇంటర్‌లో ఏ గ్రూపైనా రాయొచ్చు. ప్రవేశ పరీక్షలో బొమ్మ గీసే పేపర్ ఒకటి, మామూలు తెలివి పేపర్ ఒకటి. దాని తర్వాత, ఇచ్చిన సామానుతో అక్కడికక్కడే ఒక వస్తువు కట్టి చూపించే సిచ్యుయేషన్ టెస్ట్. తీగ వంచడం తెలిసిన పిల్లలకు ఈ చివరిదాంట్లో చెయ్యి పైన ఉంటుంది, నేను చూశాను. అయితే ఒకటి గుర్తుంచుకోండి. యాక్సెసరీస్ అంటే బ్యాగులు, చెప్పులు, ఇంటి అలంకరణ, నగలు అన్నీ. నగలు అందులో ఒక పాలు మాత్రమే. కంపెనీలో డిజైనర్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు నా మొదటి సలహా నిఫ్టే. వెండి గిన్నె చెయ్యాలనుకునేవాళ్లకు కాదు.

చేతిపని ఎక్కువ కావాలంటే జైపూర్ వైపు చూడండి. నగల ఎగుమతిదారుల మండలి పెట్టిన ఐఐజీజే సంస్థలు జైపూర్‌లో, ముంబైలో ఉన్నాయి. కొన్ని నెలల కోర్సుల నుంచి కొన్నేళ్ల కోర్సుల దాకా నేర్పుతారు, తయారీ, డిజైన్, కంప్యూటర్ మీద గీసే క్యాడ్ విడివిడిగా. జైపూర్‌లోనే ఐఐసీడీ ఉంది, చేతివృత్తుల డిజైన్ దాని ప్రత్యేకత. పైగా ఆ ఊరే ఒక బడి. రాళ్లు కోసేవాళ్లు, కుందన్ పొదిగేవాళ్లు, మీనా రంగులు నింపేవాళ్లు వీధికొకరు.

మన వాళ్లు పట్టించుకోని ఇంకో దారి హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) శిల్పకళ బీఎఫ్ఏ. అందులో నగ అన్న మాట ఉండదు. కానీ మట్టిలో రూపం కట్టడం, అచ్చు తీయడం, లోహం పోయడం వస్తాయి. సర్కారు యూనివర్సిటీ కాబట్టి ఖర్చు అందుబాటులో ఉంటుంది. కరీంనగర్ తీగపని చేతికి, శిల్పకళ కంటికి కలిస్తే ఎంత బాగుంటుందో! నాకు ఆ వయసులో ఎవరూ చెప్పలేదు. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) వాళ్ల లైఫ్‌స్టైల్ యాక్సెసరీ డిజైన్ గాంధీనగర్‌లో ఉంది. అది పీజీ, డిగ్రీ అయ్యాక ఆలోచించాల్సింది.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. పేరు ఎందుకులే. ఒక ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది నగల కోర్సు చేశాను. అద్దాల గోడలు, ఏసీ గది, రంగుల బ్రోచర్. ముప్పై మందిమి. టార్చ్‌లు రెండు. ఏడాది మొత్తంలో నా వంతుకు మంట వచ్చింది నాలుగు సార్లు. మిగతా రోజులన్నీ కాగితం మీద రంగులు. అడిగితే "మేడమ్, గ్యాస్ సేఫ్టీ" అన్నారు. మా నాన్న ఆ ఫీజు కోసం అమ్మిన కాసుల పేరు ఆయనే చేసింది. ఆ బాధతోనే ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను: చేరే ముందు వర్క్‌షాపు చూపించమనండి. ఎంతమందికి ఎన్ని బెంచీలు, వారంలో బెంచీ మీద ఎన్ని గంటలు, సాయంత్రం క్లాసు అయ్యాక గది తెరిచి ఉంటుందా తాళం వేస్తారా, కనుక్కోండి. బెంచీల చెక్కను కూడా చూడండి. రంపం గీతలు, కాలిన మచ్చలు ఉంటే అక్కడ పని జరుగుతోంది. కొత్త చెక్కలా నిగనిగలాడుతుంటే లేచి వచ్చేయండి.

బ్రిటన్ ఎవరికి, ఎప్పుడు

మా పిల్ల చూపించిన నాలుగేళ్ల కోర్సు స్కాట్లాండ్‌ది. ఎడిన్‌బరో యూనివర్సిటీ కళాశాలలో, గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో వెండి పని, నగల పని కలిపి డిగ్రీగా నేర్పుతారు. స్కాట్లాండ్‌లో డిగ్రీ నాలుగేళ్లు, ఇంగ్లండ్‌లో మూడేళ్లు. బర్మింగ్‌హామ్‌లో 1890లో పెట్టిన స్కూల్ ఆఫ్ జువెలరీ చాలాకాలం ఆ ఊరి నగల పేట నడిబొడ్డున నడిచింది. ఆ పేటలో అడుగు పెడితే పనిముట్ల దుకాణాలు, పాలిష్ చేసేవాళ్లు. ఆ ఊరికి 1773 నుంచి సొంత హాల్‌మార్క్ కార్యాలయం ఉంది, దాని గుర్తు లంగరు.

అక్కడి చదువులో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఒక వస్తువు ఎందుకు చేస్తున్నావో చెప్పమంటారు. స్కెచ్ పుస్తకంలో నువ్వు తప్పిన దారులు కూడా చూపించాలి, వాటికి మార్కులు ఉంటాయి. మన దగ్గర తప్పితే కరిగించేస్తాం, ఆ తప్పు కథ అక్కడితో పోతుంది. ఇంకొకటి, చట్టం. బ్రిటన్‌లో 7.78 గ్రాములు దాటిన వస్తువును హాల్‌మార్క్ లేకుండా వెండి అని అమ్మకూడదు. కాబట్టి శుద్ధి, ముద్ర అన్నవి చేసేవాడి రోజువారీ పనిలో భాగం. మన దగ్గర బంగారానికి హాల్‌మార్క్ 2021 జూన్ నుంచి విడతలవారీగా తప్పనిసరి అయింది. వెండికి 2025 సెప్టెంబర్ 1 నుంచి ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య వచ్చింది, అయితే ఐచ్ఛికంగా. రేపు వెండి వ్యాపారం చేయబోయే పిల్లలు ఈ సంగతి ఎక్కడ చదివినా సరే, నేర్చుకోవాల్సిందే.

ఇక డబ్బు. విదేశీ విద్యార్థికి అక్కడ ఫీజే ఏడాదికి 15 లక్షలు దాటుతుంది. తిండి, గది, వీసా వేరు. నాలుగేళ్లంటే ఒక అవుసలి ఇంటికి అందే లెక్క కాదు. చదువుతూ వారానికి 20 గంటల పని చేసుకోవచ్చు, దానితో గది అద్దెకు కొంత ఆసరా, ఫీజుకు కాదు. చదివాక అక్కడే బెంచీ పని దొరికించుకుని ఉండిపోతాననే ఆశతో మాత్రం అప్పు చేయకండి. 2025 జూలై నుంచి అక్కడి స్కిల్డ్ వర్కర్ వీసాకు డిగ్రీ స్థాయి ఉద్యోగాలనే లెక్కలోకి తీసుకుంటున్నారు. చేతిపని ఉద్యోగాలకు ఆ గేటు ఇరుకైంది.

తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి కింద అర్హులకు 20 లక్షల దాకా సాయం ఉంది, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో. కానీ అది పీజీ, ఆ పై చదువులకే. ఇంటర్ అవగానే డిగ్రీకి రాదు. పీజీకైనా మీ సబ్జెక్టు జాబితాలో పడుతుందో లేదో సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టండి. అందుకే బ్రిటన్‌ను నేను డిగ్రీకి కాక, ఇక్కడ డిగ్రీ చేసి రెండేళ్లు పని చేశాక, పీజీకి పెట్టుకోమంటాను. అప్పటికి చేతిలో పని ఉంటుంది, ఏం అడగాలో తెలుస్తుంది.

నేనైతే ఇలా ఎంచుకుంటాను

ఎక్కడ చేరినా ముందు ఆరు నెలలు కుంపటి దగ్గర కూర్చోండి. వెండి ఇంత ప్రియమైన రోజుల్లో వెండి పాడుచేయక్కర్లేదు, రాగి తీగతో, రాగి రేకుతో మొదలుపెట్టండి. రాగి కొంచెం ఎక్కువ వేడికి కరుగుతుంది కాబట్టి తప్పును కాస్త ఓర్చుకుంటుంది. ఆరు నెలల్లో రెండిట్లో ఒకటి తేలుతుంది. నడుము నొప్పి, వేళ్ల మీద బొబ్బలు ఉన్నా పొద్దున్నే మళ్లీ పీట మీదకు పోవాలనిపిస్తే తయారీ కోర్సు, జైపూర్. తీగ కన్నా గీత మీద, కొత్త రూపం మీద మనసు పోతుంటే డిజైన్ కోర్సు, నిఫ్ట్. రెండూ కావాలి, డబ్బు లేదు అంటే జేఎన్ఏఎఫ్ఏయూలో శిల్పకళ, సెలవుల్లో కరీంనగర్. ఇంటి పనిలోనే ఉండిపోవాలనుకునేవాళ్లు 2023 సెప్టెంబర్‌లో మొదలైన కేంద్ర ప్రభుత్వ చేతివృత్తుల పథకం పీఎం విశ్వకర్మలో పేరు రాయించుకోండి. అందులోని 18 వృత్తుల్లో స్వర్ణకారులు ఉన్నారు. పనిముట్లకు 15 వేల దాకా, తాకట్టు లేకుండా మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం 5 శాతం వడ్డీకి ఇస్తారు. ఇంటికి ఒక్కరికే, 18 నిండి ఉండాలి.

పోర్ట్‌ఫోలియో కోసం ఇంటర్నెట్ నగలను దించకండి. పాలంపేట రామప్ప గుడికి పోండి. 1213లో కట్టిన ఆ గుడి మదనికల (నర్తకి శిల్పాల) మెడలో హారాలు, నడుముకు వడ్డాణాలు, కాళ్లకు అందెలు ఉన్నాయి. నల్లరాతిలో పూస పూస వేరుగా కనిపిస్తుంది. ఒక్క వడ్డాణాన్ని ముందు నుంచి, పక్క నుంచి గీసి, అది నిజంగా లోహంలో ఎలా అతుకుతుందో మీ మాటల్లో రాయండి. మహబూబాబాద్ వైపు ఏ తండాకైనా పోయి, లంబాడీ పెద్దమ్మల ఘుగ్రీ టోప్లీ నగలు అడిగి చూడండి, జుట్టు నుంచి చెంపల మీదకు ఎలా వేలాడుతాయో గీయండి. ఏ కాలేజీ ఇంటర్వ్యూలోనైనా ఇలాంటి పది బొమ్మలు, మీ చేత్తో చేసిన మూడు రాగి వస్తువులు మాట్లాడతాయి. పాడైపోయిన వస్తువు ఒకటి కూడా పట్టుకుపోండి, ఎందుకు పాడైందో చెప్పండి.

మా పిల్ల ఇప్పుడు కరీంనగర్‌లో ఉంది, మూడో నెల. నిఫ్ట్ దరఖాస్తు కోసం ఎదురుచూస్తూ రాగితో కూరుతోంది. పోయిన ఆదివారం ఇంటికొచ్చి తాత అరచేతిలో ఒక ఆకు పెట్టింది. ఆయన అద్దాలు పెట్టుకుని, వెలుతురుకు ఎత్తి, తీగ మెలికలు లెక్కపెడుతున్నట్టు చాలాసేపు చూశాడు. "ఈడ ఒక సుట్ట వదులైంది" అని గోటితో చూపించి, తన పాత చిమటా తెచ్చి దాని చేతిలో పెట్టాడు.